ఇంటి బరువు

మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు రెండు వారాల ముందు వచ్చే బుధవారం గుడిమెలిగె పండుగ చేస్తారు. గద్దెలు, బంగారమని పిలుచుకునే బెల్లం, జంపన్న వాగులో స్నానాలు, ఇసుక వేస్తే రాలనంత జనం ఇవన్నీ టీవీలో చూసి తెలిసిన వాళ్ళకు కూడా ఈ పండుగ సంగతి అంతగా తెలియదు. ఆ రోజు మేడారంలో కోయ పూజారులూ వాళ్ళ ఇంటి ఆడపడుచులూ సమ్మక్క గుడిని కడిగి, అలికి, ముగ్గులు పెడతారు. కన్నెపల్లిలో సారలమ్మ గుడికీ అదే జరుగుతుంది. ఒకప్పుడు ఈ గుళ్ళు గుడిసెలు. పాత కప్పు దించేసి, అడవి నుంచి కోసుకొచ్చిన గడ్డితో కొత్తగా కప్పుకోవడమే ఆ పండుగ పని. ఇప్పుడు గుడిసెల చోట పక్కా కట్టడాలు వచ్చాయి. వాన కారదు, చెద పట్టదు, కప్పవలసిన అవసరం లేదు. అయినా అడవికి పోతారు, గడ్డి కోసుకొస్తారు, గుడి మీద పెడతారు.

ఆ గడ్డి నన్ను చాలా కాలంగా ఆలోచింపజేస్తోంది. దాన్ని ఆచారం అని ఊరుకోవడం నాకు సరిపోలేదు. ఒక ఇల్లు ఎంత బరువు ఉండాలి, ఆ బరువు ఎవరి మీద పడాలి అనే ప్రశ్నకు అక్కడి వాళ్ళు రెండేళ్ళకోసారి చేతులతో చెప్పుకునే జవాబు అది అనిపిస్తుంది. నేను పుట్టింది ఇటుక ఇంట్లో. ములుగు తోవలో ఒక చిన్న ఊరు మాది. మా ఇంటికి ఊళ్ళో భవంతి అని పేరు. కాబట్టి ఈ ప్రశ్న నాకు మా ఇంటి గోడ దగ్గరే మొదలవుతుంది.

భవంతి అంటే నాలుగు వైపులా అర్రలు, నడుమ ఆకాశం. వీధి వైపు ఎత్తయిన అరుగులు, వాటి మధ్య దర్వాజ. దర్వాజ చెక్క అరచేయి వెడల్పు మందం. తలుపు రెక్కకు ఇనుప బొడిపెలు, పైన గొలుసు. లోపలికి అడుగు పెడితే పడసాల. అక్కడి నుంచి నాలుగు మెట్లు దిగితే నడిమి వాకిలి. వాన నీళ్ళు నాలుగు కప్పుల మీది నుంచి ఆ వాకిట్లోకే జారి, గచ్చు వాలు వెంబడి ఒక మూలనున్న తూము గుండా వీధిలోకి పోయేవి. చుట్టూ టేకు మొగురాలు, ఒక్కొక్క మొగురం కింద నల్లరాతి దిమ్మె. చెక్క నేలకు తగలకూడదు, తగిలితే తడీ చెదా పైకెక్కుతాయి. ఆ దిమ్మె ఎత్తు జానెడు. అంత చిన్న జాగ్రత్తతోనే ఆ మొగురాలు మూడు తరాలు నిలబడ్డాయి. తూర్పు వైపు దేవునర్ర, ఆగ్నేయాన వంటర్ర, పడమట వడ్ల గుమ్ములుండే చీకటర్ర. దానికి కిటికీ లేదు. ధాన్యానికి వెలుతురు అక్కర్లేదు, ఎలుకకు దారి ఉండకూడదు.

గోడలు రెండు అడుగుల మందం. ఇటుక ఇప్పటి ఇటుకలా దుక్కగా ఉండదు, పలచగా, వెడల్పుగా ఉంటుంది. పలచటి ఇటుక బట్టీలో లోపలి దాకా సమంగా కాలుతుంది. మందపు దాంట్లో నడుమ పచ్చిగా మిగిలే భయం ఉంటుంది. గోడ లోపలి వరుసల్లో మట్టి అడుసు, బయటి ముఖాలకు డంగు సున్నం. ఆ సున్నాన్ని గానుగలో వేసి ఎద్దులతో తిప్పించి, రోజుల తరబడి నానబెట్టి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి పూసేవాళ్ళు. బెల్లం సున్నాన్ని పట్టి ఉంచుతుంది, కరక్కాయ దాన్ని గట్టిపరుస్తుంది అని మేస్త్రీల లెక్క. గోడ నునుపుగా ఉండేది, ఎండాకాలం మధ్యాహ్నం చెంప ఆనిస్తే చల్లగా తగిలేది. రెండు అడుగుల మందం దాటి ఎండ లోపలికి రావడానికి పగలంతా పట్టేది. అది వచ్చేసరికి రాత్రి, అప్పుడు మేమందరం వాకిట్లో మంచాల మీద ఉండేవాళ్ళం. ఇంటి తెలివి అది. గోడ మందాన్ని, మనుషులు ఏ వేళకు ఎక్కడ ఉంటారో ఆ లెక్కను కలిపి కట్టారు.

ఇటుక ఇంటి వాస్తు అంతా నిజానికి బరువు ప్రయాణమే. పెంక బరువు వాసాల మీద, వాసాల బరువు దంతెల మీద, దంతెలది దూలాల మీద, దూలాలది గోడల మీద, మొగురాల మీద పడుతుంది. గోడ ఆ బరువును వెడల్పుగా పరుచుకుంటూ పునాదికి దించుతుంది. ఇటుక నొక్కుడుకు ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోదు. అందుకే దర్వాజ పైనా కిటికీ పైనా కమాను తిప్పుతారు, లేదంటే మందపాటి చెక్క పెడతారు. కమానులో ప్రతి ఇటుకా పక్క ఇటుకను నొక్కుతూ బరువును రెండు వైపులకూ తోసేస్తుంది. మా ఇంటి వెనుక తలుపు మీద అలాంటి కమాను ఒకటి ఉండేది. చిన్నప్పుడు అది అందానికి పెట్టారనుకునేవాణ్ణి. తర్వాత ఒక మేస్త్రి చూపించాడు, దాని మీద సున్నం రాలిన చోట ఇటుకలు విసనకర్ర పుల్లల్లా ఎట్లా అమర్చారో.

ఒక లెక్క వేసి చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, రెండు అడుగుల మందం ఉన్న ఇటుక గోడ ఒక్కటే పది టన్నులకు తక్కువ తూగదు. ఇప్పటి తొమ్మిది ఇంచుల గోడ అదే కొలతకు నాలుగు టన్నులు. వెదురు తడిక మీద మట్టి మెత్తిన నాలుగు ఇంచుల గోడ టన్నున్నర కూడా ఉండదు. మా భవంతిలో అటువంటి పది టన్నుల ముక్కలు ఎన్ని ఉండేవో చెప్పాలంటే నాకు ఇల్లంతా మళ్ళీ కొలవాలి. అదంతా ఎక్కడి నుంచి వచ్చింది? మట్టి చెరువు నుంచి. కాల్చిన కట్టె అడవి నుంచి. దూలాలు, మొగురాలు, దర్వాజ అడవి నుంచి. సున్నంలో కరక్కాయ అడవి నుంచి. ఊరి నడుమ, అడవికి దూరంగా, రాళ్ళ అరుగుల మీద నిలబడ్డ ఆ ఇల్లు అడవి లేకుండా ఒక్క వరుస కూడా లేచేది కాదు. కరక్కాయ ఏరింది ఎవరు, టేకు మాను నరికి బండి దాకా ఈడ్చింది ఎవరు అని అడిగితే తాడ్వాయి, ఏటూరునాగారం వైపు గూడేలే కనిపిస్తాయి.

మా ముత్తాత పట్వారి. ఇల్లు కట్టించింది ఆయనే. నేను మా అవ్వను ఒకసారి అడిగాను, కట్టినప్పుడు కూలి ఎంత ఇచ్చారని. అవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపకుండానే చెప్పింది. "కూలేంది బిడ్డా? పొద్దుగూకంగ అంబలి పోసేటోళ్ళట. మీ తాత చెప్పిండు."

తెలంగాణలో పాత ఇటుక ఇళ్ళ అందం గురించి రాసేవాళ్ళు ఈ మాట దగ్గర ఆగాలి అని నా నమ్మకం. మన పల్లెల్లో పెద్ద ఇటుక కట్టడం అంటే ముందు గుర్తొచ్చేది దొరల గడీ. దాని కట్టుబడి చూడండి. ఎత్తయిన ప్రహరీ, మూలల్లో బురుజులు, ఏనుగు పట్టే దర్వాజ, దర్వాజ దాటాక కచేరి, దాని వెనుక ఇంకో దర్వాజ, ఆ తర్వాతే ఇల్లు. ఊరి మనిషి ఎంత దూరం రావచ్చో ఒక్కొక్క గోడ చెబుతుంది. కొందరికి మొదటి దర్వాజ బయటే ఆగాల్సి వచ్చేది, చెప్పులు చేత పట్టుకొని. ఆ గోడల మందం శత్రువు కోసమని చెబుతారు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్‌ల గడీ ముందు నుంచి పోతున్న, వెట్టికి ఎదురు నిలిచిన సంఘం ఊరేగింపు మీద కాల్పులు జరిపించినప్పుడు, దొడ్డి కొమరయ్య కూలినప్పుడు, ఆ గోడలు ఎవరిని ఎదుటివాళ్ళుగా చూశాయో తేలిపోయింది. ఆ మట్టి తవ్వింది, ఇటుక మోసింది, సున్నం గానుగ తోలింది అదే ఊరి వెట్టివాళ్ళు.

ఇప్పుడు చాలా గడీలు కూలుతున్నాయి. కొన్ని బడులు, పంచాయతీ ఆఫీసులు అయ్యాయి. కామారెడ్డి జిల్లా దోమకొండ గడీ లాంటి కొద్దిపాటివి మాత్రం జాగ్రత్తగా బాగుచేసుకున్నారు. దానికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఒకటి కూడా దక్కింది. పాత సున్నం పనిని తిరిగి నేర్చుకొని చేసిన ఆ మరమ్మతును నేను మనసారా మెచ్చుకుంటాను. మంచి గోడ ఎవరు కట్టించినా మంచి గోడే, కట్టిన చేతుల పనితనం అందులో ఉంది కనుక. కూల్చేస్తే పోయేది దొర పేరు కాదు, పేరు లేని మేస్త్రి పని. కాని ఆ గోడ ముందు నిలబడినప్పుడు బరువు సంగతి మరిచిపోవడం నాకు చేతకాదు.

ఇక్కడే రామప్ప గుర్తుకొస్తుంది. మేడారం, రామప్ప గుడి ఉన్న పాలంపేట రెండూ ఇప్పుడు ములుగు జిల్లాలోనే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. శాసనం అక్కడే ఉంది. 1922లో పురావస్తు పండితుడు గులాం యాజ్దానీ పాలంపేట గుళ్ళ మీద పుస్తకం అచ్చువేయించాడు, 2021 జూలైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందరూ నల్లరాతి మదనికలను చూస్తారు. నేను మాత్రం పైకి చూస్తాను. కింద బరువైన రాయి, గర్భగుడి మీద విమానం మాత్రం ఇటుక. ఆ ఇటుక నీళ్ళలో వేస్తే తేలుతుంది. లోపల గాలి రంధ్రాలు అంత ఎక్కువ, సాంద్రత నీటి కంటే తక్కువ. మట్టిలో కాలిపోయే పదార్థం ఏదైనా కలిపి కాలిస్తే అది కాలి బూడిదై, దాని చోట గాలి మిగులుతుంది. ఇటుక తయారీలో ఉన్న ఈ సూత్రాన్ని ఎనిమిది వందల ఏళ్ళ కింద పాలంపేటలో ఎంత నేర్పుగా వాడారో ఆ విమానం చెబుతోంది. గుడి కింద పునాదిలోనూ ఇసుక నింపి పరిచారు, భారాన్ని అది మెత్తగా పంచుకుంటుంది. మంటపంలో నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడు అయింది, అయినా కప్పు నిలబడే ఉంది.

ఆ విమానం కట్టిన శిల్పి బరువు గురించి ఆలోచించినంతగా మన నేల మీద ఇంకెవరూ ఆలోచించి ఉండరనిపిస్తుంది. ఎత్తు కావాలి, కింద ఉన్నదాన్ని నలిపేయకూడదు. గోడను ఇంకా మందం చేసి ఆ చిక్కు విప్పడం సులభం. ఆయన ఇటుకనే మార్చాడు.

కాని ఆ గుడికి ఎదురుగా పెట్టి చూడాల్సింది మేడారం కథ. కరువు వచ్చి పంట పండకపోతే కప్పం కట్టలేమని చెప్పిన కోయ రాజుల మీదికి కాకతీయ ప్రతాపరుద్రుని సేన వచ్చిందని ఆ కథ. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, బిడ్డలు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో పడిపోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు, వాగుకు ఆయన పేరే మిగిలింది. సమ్మక్క ఒంటరిగా పోరాడి, వెన్నుపోటు తగిలి, నెత్తురు కారుతూ చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతకబోయిన వాళ్ళకు ఒక చెట్టు కింద కుంకుమ భరిణె కనిపించింది. విమానం మీద ఇటుక బరువును తగ్గించే ఉపాయం తెలిసిన రాజ్యం, కరువేళ జనం నెత్తిన కప్పం బరువును తగ్గించలేకపోయింది. రామప్పకూ ఆ కథకూ మధ్య ఒక వందేళ్ళ దూరం ఉంటుంది. ఆ దూరంలో ఏం మారిందో నాకు తెలుసుకోవాలని ఉంటుంది, పాలంపేట పోయిన ప్రతిసారీ.

ఇక ఆ తల్లి ఇల్లు ఎలాంటిది? గద్దె. చుట్టూ గోడ కాదు, నేల మీద లేపిన తిన్నె. విగ్రహం లేదు. చెట్టు, వెదురు, పసుపు, కుంకుమ. జాతరప్పుడు అడవి నుంచి వెదురు కంకవనాలు తెచ్చి నిలబెడతారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క వస్తుంది. శనివారం అందరూ వనానికి మళ్ళిపోతారు. మిగతా కాలమంతా ఆ తల్లి ఇల్లు అడవే. కోటి మంది వచ్చిపోయే దేవతకు కట్టడం ఇంత తక్కువ. 2025లో ప్రభుత్వం ఆ ప్రాంగణాన్ని రాతితో కొత్తగా తీర్చిదిద్దే పని చేపట్టింది. వచ్చే జనానికి తోపులాట లేని దారి కావాలి, అది ఒప్పుకోవాల్సిందే. ఎంత రాయి పెట్టినా గద్దెల మీద కప్పు వేయకుండా ఆకాశాన్ని వదిలేసినంత కాలం ఆ చోటు తనలా ఉంటుందని నేను ఆశపడుతున్నాను.

గుడిసెను పొగడటం ఊరకే చేయగలిగే పని, అందులో ఉండనివాళ్ళకు. నేను ఆ పొగడ్త రాయదలుచుకోలేదు. తడిక గోడకు ఏటా ఎర్రమట్టి మెత్తాలి, నేలను వారం వారం పేడతో అలకాలి, ఆ పనంతా ఆడవాళ్ళ నడుము మీదే పడుతుంది. గడ్డి కప్పుకు నిప్పు రవ్వ చాలు. వానాకాలం గాలికి కప్పు లేచిపోతే రాత్రికి రాత్రే పిల్లల్ని ఎత్తుకొని ఎక్కడికో పోవాలి. 2024 ఆగస్టు చివరి రోజున తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఒక సుడిగాలి లేచి 50 వేలకు పైగా చెట్లను పెకలించింది. ఊళ్ళ మీదికి రాలేదు కనుక సరిపోయింది. ఆ గాలి గూడెం మీదుగా పోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే, పక్కా ఇల్లు అడిగే కోయ తల్లికి ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు.

అదే ఏడాది డిసెంబరు 4న, పొద్దున 7 గంటల 27 నిమిషాలకు, ములుగు జిల్లా కేంద్రంగా భూమి కంపించింది. తీవ్రత 5.3. 1969లో భద్రాచలం వైపు వచ్చిన దాని తర్వాత ఈ గోదావరి లోయలో అంత గట్టిగా కదలడం మా తరం ఎరగదు. మేడారం గద్దెల దగ్గర కెమెరాల్లో ఆ కుదుపు కనిపించింది. మా ఊళ్ళో భవంతి పడమటి గోడ పైనుంచి కిందికి చీలింది. ఆ గోడకు కొన్నేళ్ళ కింద సిమెంటు పూశారు. సున్నం గోడ తడిని పీల్చుకొని మళ్ళీ బయటికి వదిలేస్తుంది, సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. లోపల తడి నిలిచి మట్టి అడుసు ఎప్పుడో మెత్తబడి ఉంది. భూకంపం దాన్ని బయటపెట్టింది. దాని పక్కనే ఉన్న బర్రెల కొట్టం, వెదురు తడికా గడ్డి కప్పూ, ఊగి ఊరుకుంది. భూమి పక్కకు కుదిపినప్పుడు కట్టడం మీద పడే దెబ్బ దాని బరువును బట్టే ఉంటుంది. బరువెంతో తోపు అంత. మన పూర్వీకులు మందపు గోడను బలం అనుకున్నారు. నిటారుగా దిగే బరువుకు అది నిజం, పక్క నుంచి వచ్చే తోపుకు కాదు. గుడిసె నిప్పుకూ గాలికీ ఓడుతుంది, భవంతి కుదుపుకు ఓడుతుంది. రెండింటి ఓటమీ చూశాకే నాకు రామప్ప ఇటుక మళ్ళీ గుర్తొచ్చింది.

తేలిక ఇటుక ఇల్లు పేదవాడికి సాధ్యమా? ఈ ప్రశ్నతో బతికినవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. ఈజిప్టులో వాస్తుశిల్పి హసన్ ఫతీ 1940లలో లక్సర్ దగ్గర కొత్త గుర్నా అనే పల్లెను పచ్చి ఇటుకతో కట్టించాడు. దూలాలు కొనలేని రైతులకు చెక్క లేకుండా ఇటుకతోనే వంపు కప్పులు వేయించాడు. కట్టడం చూడముచ్చటగా వచ్చింది, కాని తరలించబోయిన జనంలో ఎక్కువమంది అక్కడికి పోవడానికి ఒప్పుకోలేదు. వాళ్ళ బతుకు పాత ఊళ్ళో ఉంది. కేరళలో లారీ బేకర్ ఇంకో దారి పట్టాడు. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరుసల మధ్య బోలు వదిలి గోడ కట్టించేవాడు. తొమ్మిది ఇంచుల గోడే, ఇటుక సుమారు పావు వంతు తగ్గుతుంది, లోపలి గాలి ఎండను ఆపుతుంది. స్లాబులో కింది వైపు పనిచేయని కాంక్రీటు తీసేసి ఆ చోట పాత పెంకలు పొదిగేవాడు. 1970లలో తిరువనంతపురంలో ఆయన కట్టిన అభివృద్ధి అధ్యయన కేంద్రం అట్లా కట్టిందే. రామప్ప శిల్పి గాలిని ఇటుకలో పెట్టాడు, బేకర్ గోడలో పెట్టాడు.

ఇదంతా పుస్తకంలో ఉండిపోయే సంగతి కాదు, ఎందుకంటే మా వైపు ఊళ్ళలో ఇప్పుడు ఇళ్ళు లేస్తున్నాయి. ప్రభుత్వ పథకం కింద ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు, కనీసం 400 చదరపు అడుగులు కట్టాలి. గూడేల్లోనూ ముగ్గు పోస్తున్నారు. ఆ ఇళ్ళ ఇటుక ఎక్కువగా బట్టీల నుంచి వస్తుంది. తెలంగాణ బట్టీల్లో చలికాలం మొదలుకొని ఎండాకాలం దాకా ఇటుక కోసేది ఒడిశా బలాంగీర్, నువాపడా వైపు నుంచి అప్పు ముందే తీసుకొని వచ్చిన కుటుంబాలు. పిల్లలతో సహా బట్టీ పక్కనే, పచ్చి ఇటుకలు పేర్చి పైన రేకు కప్పుకొన్న గూళ్ళలో ఉంటారు. నిలబడేంత ఎత్తు కూడా ఉండవు ఆ గూళ్ళు, వంగి దూరాలి. మా ముత్తాత కాలపు అంబలి పోలేదు, చోటు మారింది. ఒక ఇంటికి పావు వంతు ఇటుక తగ్గితే ఇంటివాళ్ళకు ఖర్చు తగ్గినట్టు, అడవికీ చెరువుకూ బొగ్గుకూ భారం తగ్గినట్టు. ఆ కుటుంబాలకు మాత్రం దానివల్లనే న్యాయం జరగదు, వాళ్ళ కూలి వాళ్ళకు సక్రమంగా దక్కాలి. ఈ రెండూ కలిపి మాట్లాడని తక్కువ ఖర్చు ఇల్లు నాకు సగం ఇల్లుగానే కనిపిస్తుంది.

ఈమధ్య మేడారం తోవలో ఒక గూడెంలో ఇందిరమ్మ ఇల్లు కడుతున్న చోట ఆగాను. పునాది పడింది, ఇటుక దిగింది. ఇంటామె పాత గుడిసె ముందు చింతపండు కొడుతోంది. స్లాబు పడ్డాక గుడిసె తీసేస్తావా అక్కా అని అడిగితే, ముందర నాలుగు గుంజలు పాతి పందిరి మాత్రం వేసుకుంటానని చెప్పింది. "ఎండకాలం స్లాబు కింద ఎవలుంటరు సారూ? రాత్రి దాంక కాల్తది. పందిట్లనే పండుడు, పందిట్లనే వండుడు." ఆ ఇంటి నమూనా గీసిన కాగితంలో పందిరికి చోటు లేదు. ఆమె లెక్కలో మాత్రం ఇంట్లో సగం అదే. మా భవంతి నడిమి వాకిలి చేసిన పనిని ఆమె పందిరి చేస్తుంది. గుడిసెలో ఉన్నన్నాళ్ళు ఆమెకు అది విడిగా అడగాల్సిన అవసరం రాలేదు.

మేస్త్రి ములుగు వాడు, నలభై దాటిన మనిషి. ఆయనకు నిలువు ఇటుక గోడ సంగతి చెప్పాను, చేతిలో ఉన్న ఇటుకలతోనే రెండు వరుసలు పేర్చి చూపించాను. నడుమ బోలు చూసి తల ఊపలేదు.

"ఇట్ల బోలు పెడితె మొన్నటి తీరు భూమి కదిల్నప్పుడు ఆగుతదా?"

సరైన ప్రశ్న అదే. మూలల దగ్గరా దర్వాజ పక్కలా ఆ బోలులోనే ఇనుప రాడ్డు దించి కాంక్రీటు పోయవచ్చనీ, పునాది మీద ఒకటి, కిటికీల పైన ఒకటి చుట్టూ బెల్టు వేస్తే నాలుగు గోడలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయనీ చెప్పాను. మామూలు తొమ్మిది ఇంచుల గోడకైనా ఆ బెల్టు ఉండాల్సిందే, మా వైపు చాలా ఇళ్ళకు ఉండటం లేదు. ఆయన నేను పేర్చిన ఇటుకల్లో ఒకదాన్ని తీసి, మళ్ళీ పెట్టి, చేత్తో పక్కకు నెట్టి చూశాడు. తర్వాత బీడీ ముట్టించుకొని లెక్క మొదలుపెట్టాడు. గోడకు ఎన్ని ఇటుకలు, పావు వంతు తీస్తే ఎన్ని, రాడ్డుకు ఎంత, తన కూలి ఎన్ని రోజులు పెరుగుతుంది. పని నిదానమవుతుంది, చేయి అలవాటు పడే దాకా రోజుకు సగం గోడే లేస్తుంది, ఆ రోజుల కూలి ఎవరిస్తారు అని కూడా అడిగాడు. అది నేను ముందే ఆలోచించుకోవాల్సిన ప్రశ్న, ప్రభుత్వమూ ఆలోచించాల్సిన ప్రశ్న. కొత్త పని నేర్చుకునే రోజులకు ఇంటికిచ్చే పైసల్లో విడిగా లెక్క లేదు.

ఇంటామె చింతపండు పక్కన పెట్టి వచ్చి నిలబడింది. ఇద్దరూ కాసేపు కోయలో మాట్లాడుకున్నారు. మేస్త్రికి ఆ భాష అంతంత మాత్రమే అనుకుంటాను, చేతులతో ఎక్కువ చెప్పాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"ముందుగాల వంటర్ర గోడ ఒక్కటి ఇట్ల లేపి చూద్దాం సారూ. అది మంచిగొస్తె మిగిలిన మూడు. ఇటుకల మిగిలిన పైసలు బెల్టుకు పెట్టుకుంటం, నాకు రెండు రోజుల కూలి ఎక్కువియ్యాలె. పందిరికి మాత్రం ఇప్పుడే జాగ ఇడుస్త."

అని చెప్పి, దారం కట్టిన మేకును పీకి, మూడు మూరలు వెనక్కి జరిపి కొట్టాడు.